లేట్ కొండప్ప

రాళ్లకుంట బస్టాండుకు ఎదురుగా రేకుల షెడ్డులో బోర్డులు రాసే ఫకృద్దీన్‌కు ఇంగ్లీషు కొట్టినపిండి అని ఊరంతా నమ్మేది. నమ్మకుండా ఉండడానికి కారణం కూడా కనబడదు. ఊళ్లో ఇంగ్లీషు అక్షరం ఎక్కడున్నా అది అతని కుంచె నుంచి దిగిందే. హోటలు బోర్డు, సైకిల్ షాపు బోర్డు, లారీల నొసటి రాతలు, ఆసుపత్రి గోడ మీద ఉమ్మివేయరాదన్న హెచ్చరిక, అన్నీ అతనివే. అక్షరానికి అంచు గీసి, వెనక నీడ వేసి, చివర తెల్లటి మెరుపు దిద్దాడంటే దారిన పోయేవాళ్లు నిలబడి చూసేవారు.

అసలు సంగతి అతనికీ, అతని భార్య అమీర్ బీకీ మాత్రమే తెలుసు. ఫకృద్దీన్‌కు ఇంగ్లీషు చదవడం రాదు. ఒక్క ముక్క రాదు. అతనికి అక్షరాలంటే బొమ్మలు. ఏ అంటే గుడారం, బి అంటే రెండు పొట్టల సేటు, ఎస్ అంటే నిద్రపోయే పాము. ఎవరైనా కాగితం మీద రాసిస్తే ఆ బొమ్మల్ని వరసగా రేకు మీదికి దింపేస్తాడు. టెలిగ్రాం పట్టుకొచ్చి చదివిపెట్టమని అడిగితే మాత్రం జేబులు తడుముకునేవాడు.

"అద్దాలు ఇంట్లో మర్సిపోయి వచ్చినానప్పా. పోస్టుమాస్టరు తావకు పో."

ముప్పై ఎనిమిదేళ్ల ఫకృద్దీన్‌కు ఇంట్లోనూ అద్దాలు లేవు.

అలాగని బడి మొహం చూడనివాడు కాదు. దొరల కాలంలో పెట్టిన ఊరి ఇంగ్లీషు బడిలో ఫోర్త్ ఫారం దాకా, అంటే తొమ్మిదో తరగతి దాకా చదివాడు. చదివాడంటే, పక్కన కూర్చునే కొండప్ప రాసింది చూసి గీశాడు. కొండప్ప ఇంగ్లీషులో క్లాసుకంతా మొదటివాడు. గుట్టకింద పల్లె నుంచి ఆరు మైళ్లు నడిచి వచ్చేవాడు కాబట్టి ఏనాడూ వేళకు చేరిన పాపాన పోలేదు. అయ్యవారు పేర్లు పిలవడం అయిపోయాక, చెమటలు కక్కుకుంటూ వచ్చి కూర్చుని, జేబులోంచి వేయించిన శెనక్కాయలు తీసి సగం ఫకృద్దీన్ చేతిలో పోసేవాడు. ఆ ఏటి పరీక్షలో ఫకృద్దీన్ కొండప్ప కాగితాన్ని చుక్క తేడా లేకుండా దింపాడు. పైన రాసిన కొండప్ప పేరుతో సహా దింపాడు. అంతటితో అతని చదువు ముగిసింది. కొండప్ప పాసై ఎటో వెళ్లిపోయాడు. తర్వాత ఎవరికీ కనబడలేదు.

1961లో ఆ బడికి డెబ్బై ఐదేళ్లు నిండాయి. హెడ్‌మాస్టరు హనుమంతప్ప రెండేళ్ల కిందటే హిందూపురం నుంచి బదిలీ మీద వచ్చినవాడు. ఎండాకాలంలో కూడా కోటు గుండీలు విప్పని మనిషి. పండుగ ఘనంగా చేయాలనీ, హాలులో ఒక బోర్డు పెట్టి, ఈ బడిలో చదివి పెద్దవాళ్లయినవారి పేర్లూ హోదాలూ బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలతో రాయించాలనీ ఆయన తీర్మానించాడు. బోర్డు మీది తెర తీయడానికి ఇదే బడిలో చదివి, మద్రాసులో జడ్జిగా చేసి రిటైరైన తిమ్మప్పగారు ఒప్పుకున్నారు.

బోర్డు చేసే పని వడ్రంగి యేసన్నకు ఇచ్చారు. అతనూ పాత విద్యార్థే. మిషన్ బంగళా పాత తలుపులు ఇచ్చి నాలుగడుగుల బోర్డు చేయమంటే ఎనిమిది అడుగులది చేసుకొచ్చి గోడకు ఆనించాడు.

"ఇదేందప్పా యేసన్నా, ఇంత పెద్దది?" అన్నాడు హెడ్‌మాస్టరు.

"మంచి టేకు సార్. కోసేకి చెయ్యి రాలేదు."

ఆ బోర్డు మీద అరవై పేర్లు పడతాయి. హెడ్‌మాస్టరు జాబితాలో ఉన్నవి తొమ్మిది. జడ్జి ఒకరు, డాక్టరు ఒకరు, లాయర్లు ఇద్దరు, ఒక డిప్యూటీ కలెక్టరు, ఇంకా అట్లాంటివాళ్లు. ఫకృద్దీన్ సుద్దముక్కతో కొలతలు వేసి, వెనక్కి నడిచి, తల అడ్డంగా ఊపాడు.

"తొమ్మిది పేర్లు రాస్తే మన చేన్లో మొలిసిన శెనక్కాయ చెట్ల మాదిరి ఉంటాది సార్. యాడొకటి, ఆడొకటి."

"అక్షరాలు పెద్దవి చెయ్యి."

పెద్దవి చేసి చూశాడు. జడ్జిగారి పేరు ఒక్కటే టూరింగ్ టాకీసు వాల్‌పోస్టరులా బోర్డుకంతా సాగింది. హెడ్‌మాస్టరు మొదటిసారి కోటు పై గుండీ విప్పి ఆలోచించాడు. పెద్ద ఉద్యోగమే కానక్కర్లేదు, ఈ బడిలో చదివి ఏదో ఒక హోదా ఉన్నవాళ్లంతా పేర్లు ఇవ్వవచ్చని మర్నాడు ఊళ్లో టముకు వేయించారు.

రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు నుంచి ఫకృద్దీన్ షెడ్డులో కాలు పెట్టడానికి సందు లేదు. మొదట వచ్చినవాడు గోవిందప్ప.

"ఫకృద్దీనన్నా, నా పేరు జడ్జి పక్కన పడాల."

"నువ్వు మేకల యాపారం కదప్పా చేస్తాండేది?"

"మేకలైతే ఏం? మూడు తాలూకాల సంతలు తిరుగుతాండా. జడ్జి తిరిగినాడా?"

హెడ్‌మాస్టరు నిఘంటువు తిరగేసి దాన్ని 'లైవ్‌స్టాక్ మర్చంట్' చేశాడు. గోవిందప్ప ఆ మాటను నాలుగుసార్లు చెప్పించుకుని, నోట్లోంచి జారిపోకుండా పెదాలు బిగించుకుని ఇంటికి పోయాడు. అంతే, ఇక ఊరు ఆగలేదు. టాకీసులో టికెట్లు చింపేవాడు సినిమా ఆఫీసరయ్యాడు. కరువు గంజి కేంద్రంలో పెద్ద డేగిసాలో తెడ్డు తిప్పేవాడికి ఆహార శాఖ పడింది. అయినా నలభై ఒక్క పేర్లే తేలాయి.

హెడ్‌మాస్టరు బీరువాలోంచి పాత హాజరు పుస్తకాలు తీశాడు. చిమ్మటలు తిన్నవి పక్కన పెట్టి, బాగున్న ఒకదాన్ని ఫకృద్దీన్‌కు ఇచ్చాడు.

"ఇది నువ్వు చదివిన సంవత్సరాలదే. చదువుకుంటూ పో. ఎవరెవరు ఏమైనారో గుర్తొచ్చినవాళ్లవి రాసెయ్యి. నీకు నేను చెప్పేదేముంది, ఇంగ్లీషు వచ్చినవాడివి."

అద్దాలు మర్చిపోయానని చెప్పడానికి అది టెలిగ్రాం కాదు, వారం రోజుల పని. ఫకృద్దీన్ పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు. వెళ్లబోతూ, జాబితాలో మూడు పేర్ల ముందు ఒకే రకం మాట ఉండడం చూసి, మాటల్లో పెట్టి అడిగాడు.

"ఈ మూటికి ముందర ఇది ఎందుకు పెట్టినారు సార్?"

"వాళ్లు కాలం చేసినారు. పోయినవాళ్ల పేరుకు ముందు లేట్ అని పెట్టాల గదప్పా."

"అవునవును. తెలీక కాదు, ఊరికే అడిగినా."

మడిచిన మోకాలు, తోక ఉన్న గుడ్డు, శిలువ, అరమోడ్చిన కన్ను. ఫకృద్దీన్ ఆ నాలుగు బొమ్మలూ మనసులో దాచుకుని ఇంటికి వచ్చాడు.

మధ్యాహ్నం వసారాలో కూర్చుని పుస్తకం తెరిచాడు. అన్నీ బొమ్మల బారులే. లోకంలో అతను ఇట్టే పోల్చుకోగల ఇంగ్లీషు పేరు ఒక్కటే ఉంది, ఒకప్పుడు తన పరీక్ష కాగితం మీద తానే గీసిన కొండప్ప పేరు. మూడో పేజీలో అది కనబడింది. వేలు పెట్టి చూశాడు. పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో మోకాలు, గుడ్డు, శిలువ, కన్ను. ఆ పక్క గడిలోనూ అవే. దాని పక్కనా అవే. నెల పొడుగునా అవే.

"అమీరూ," అని పిలిచాడు. "కొండప్ప పోయినాడే."

ఆమె చేట కింద పెట్టి వచ్చింది. అతను చూపించిన వరస చూసింది.

"పోయినోణ్ణి ఒకసారి రాస్తే సాలదా? ఇన్నిసార్లు ఎందుకు రాసినారు?"

"మంచోడు కదా. తర్వాత కబురు తెలిసి, తట్టుకోలేక అయ్యవార్లు పాత పుస్తకం తీసి రాసింటారు."

ఆ రోజు అతనికి అన్నం సహించలేదు. మర్నాడు అమీర్ బీ శేరు శెనక్కాయలు వేయించి, ఫాతిహా చదివించి, కొండప్ప పేరు మీద వీధిలో పిల్లలకు పంచింది. ఫకృద్దీన్ బడికి వెళ్లి బోర్డు మీద అందరి పేర్లకూ ఒక పూత వేసి, కొండప్ప పేరుకు రెండు పూతలు వేశాడు. ముందర ఆ నాలుగు బొమ్మలూ దిద్దాడు. మిగిలిన ఖాళీ అంతా పూలతీగలతో నింపేశాడు.

హెడ్‌మాస్టరు వచ్చి చూశాడు. "ఎవరప్పా ఈ లేట్ కొండప్ప? హోదా లేదే?"

"ఇంగ్లీషులో మా క్లాసుకంతా మొదటోడు సార్. పోయినోనికి హోదా ఎందుకు సార్?"

నిజమేననిపించింది హెడ్‌మాస్టరుకు. మిగతా ముగ్గురూ పండు వయసులో పోయినవాళ్లు. చిన్న వయసులో పోయినవాడు ఇతనొక్కడే కాబట్టి ఉపన్యాసంలో ఇతని గురించి నాలుగు మంచి మాటలు చెబితే బాగుంటుందని కూడా ఆయనకు తోచింది.

పండుగ నాడు పందిరి కిందా, బయటా జనం. జడ్జి తిమ్మప్పగారు తెర లాగారు. బంగారు అక్షరాలు తళుక్కుమన్నాయి. గోవిందప్ప తన పేరు ఎక్కడుందో పక్కవాళ్లందరికీ కర్రతో చూపించాడు. హెడ్‌మాస్టరు లేచి మాట్లాడటం మొదలుపెట్టాడు. అరగంట తర్వాత మాట కొండప్ప దగ్గరికి వచ్చింది.

ఎక్కడైనా రంగు చెదిరితే దిద్దడానికి డబ్బా, కుంచె పట్టుకుని ఫకృద్దీన్ అందరికంటే వెనక నిలబడి ఉన్నాడు. భుజాన సంచి తగిలించుకుని, మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుపోయిన బక్కపలుచని మనిషి ఒకడు వచ్చి అతని పక్కన నిలబడ్డాడు.

"బడి పండగని సంతలో విని వస్తాంటే బస్సు కొత్తచెరువు కాడ నిలిసిపోయిందప్పా. ఆడనుంచి నడిసే వచ్చినా. భోజనాలు అయిపోయినాయా?"

"ఇంకా ల్యా. కొంచెం నెమ్మదిగా ఉండప్పా. మా కొండప్ప గురించి చెప్తాండారు."

వేదిక మీద హెడ్‌మాస్టరు గొంతు పెంచాడు. గుట్టకింద పల్లె నుంచి ఎండనక వాననక నడిచి వచ్చి చదువుకున్న కొండప్ప, వ్యాకరణమే ఊపిరిగా బతికిన కొండప్ప, బతికి ఉంటే ఏ పార్లమెంటులోనో మాట్లాడవలసిన కొండప్ప. ఆ కొత్త మనిషి కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఫకృద్దీన్‌కూ ఆగలేదు.

"నీకూ తెలుసా ఆయప్ప?"

"బాగా తెలుసు."

"ఎట్ల పోయినాడో తెలుసా?"

"తెలీదన్నా. పోయిన సంగతే నాకు ఇప్పుడు తెలిసింది."

అందరూ లేచి నిలబడ్డారు. మౌనం. పోయినవాడి పేరు మీద రెండు నిమిషాలు. ఆ మనిషి ముక్కు తుడుచుకుని, జేబులో చెయ్యి పెట్టి, వేయించిన శెనక్కాయలు తీసి, సగం ఫకృద్దీన్ చేతిలో పోశాడు.

ఫకృద్దీన్ శెనక్కాయల్ని చూశాడు. ఆ మనిషి మొహం చూశాడు. చేతిలోని డబ్బా జారి బండ మీద పడి, పందిరి మొదటి వరస దాకా దొర్లుకుంటూ పోయింది.

"ఏమది?" అన్నారు జడ్జిగారు, కోర్టులో అలవాటైన గొంతుతో.

"దొరా, పోయినోడు వచ్చినాడు!" అని అరిచాడు ఫకృద్దీన్.

ఆ తర్వాత కాసేపు ఎవరేం చేశారో ఎవరికీ సరిగ్గా తెలియదు. గోవిందప్ప బెంచీ ఎక్కాడన్నది మాత్రం అందరూ చూశారు. జనం సర్దుకున్నాక జడ్జిగారు కొండప్పను వేదిక దగ్గరికి పిలిచారు.

"నువ్వు బతికే ఉన్నట్టు ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"నా గురించి ఇంత మంచిగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు దొరా. అయిపోనీలే అని నిలబడినా."

జడ్జిగారు హాజరు పుస్తకం తెప్పించుకుని మూడో పేజీ చూశారు. భుజాలు కదిలేలా నవ్వారు.

"ఇది చావు కాదయ్యా, హాజరు! బడికి రోజూ లేటుగా వస్తున్నాడని అయ్యవారు రాసుకున్నాడు. ఇది చూసి బోర్డు రాసిందెవరు? ఇటు రా. ఇదేమని ఉందో చదువు."

ఫకృద్దీన్ పుస్తకం ముందు నిలబడ్డాడు. ఊరంతా చూస్తోంది. చెయ్యి దానంతట అదే జేబు తడిమింది. ఆడవాళ్ల వరసలో అమీర్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఏళ్లుగా దాచుకున్నది ఇంకొక్క నిమిషం కూడా దాగదని అతనికి తెలిసిపోయింది. పుస్తకం మూసి జడ్జిగారి ముందు పెట్టేశాడు.

"నాకు చదవను రాదు దొరా. గీయను మాత్రమే వచ్చు."

అందరికంటే ముందు కొండప్ప పకపకా నవ్వాడు.

"వీడు చిన్నప్పట్నుంచీ ఇంతే దొరా. పరీక్షలో నా పేరుతో సహా గీసినాడు. నాకంటే గుండ్రంగా గీసినాడని అయ్యవారే ఒప్పుకున్యాడు."

నవ్వులు లేచాయి. ఫకృద్దీన్ భయపడినంత చెడ్డ నవ్వులు కావవి. కానీ హెడ్‌మాస్టరు నవ్వలేదు. ఉపన్యాసమంతా వృథా అయిన బాధలో ఉన్నాడాయన.

"ఈ పేరు తీసెయ్యాల. చనిపోయినవాళ్లకు హోదా అక్కర్లేదని ఒప్పుకున్నాను. బతికినవాడికి హోదా లేకుండా బోర్డు మీద చోటు లేదు."

"పోయినోని పేరు తీసెయ్యమంటే తీసేస్తా సార్," అన్నాడు ఫకృద్దీన్. "బతికినోని పేరు ఎట్ల తీసేది? నా చెయ్యి రాదు."

జడ్జిగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆయన రిటైరై పదేళ్లయింది. మొహంలో వెలుగు వచ్చింది.

"కొండప్పా, నువ్వేం పని చేస్తావు?"

"వజ్రకరూరులో ఉంటా దొరా. వాన పడినాక చేన్లలో వజ్రాలు వెతుకుతా. పద్దెనిమిదేండ్లాయ. వాన ల్యాకుంటే జనానికి అర్జీలు రాసిపెడతా."

"ఇన్నేళ్లలో ఏమైనా దొరికాయా?"

"రెండు దొరికినాయి దొరా. ఒకటి గాజుపెంకు. ఇంకోటి కలకండ. నోట్లో వేసుకుంటే తెలిసింది."

"దీన్ని హోదా అంటారా అండీ?" అన్నాడు హెడ్‌మాస్టరు.

"ఇంగ్లీషులో దానికో మాట ఉండాది సార్," అన్నాడు కొండప్ప వినయంగా. "ప్రాస్పెక్టర్." ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. హెడ్‌మాస్టరు నిఘంటువు తెప్పించి, వేలితో గీత వెంట నడిచి, ఖనిజాల కోసం నేల వెతికేవాడని అర్థం ఉన్నట్టు తేల్చుకుని మూసేశాడు. జడ్జిగారు బల్ల మీద అరచేత్తో కొట్టి, పేరు ఉండవలసిందేనని తీర్పు చెప్పారు. తర్వాత అందరూ భోజనాలకు లేచారు. కొండప్ప మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున ఫకృద్దీన్ లేట్ అన్న మాటను నల్లరంగుతో కప్పేసి, కొండప్ప ఒక్కో అక్షరం చెబుతుంటే పేరు పక్కన కొత్త హోదా దిద్దాడు. అయ్యాక కొండప్ప బోర్డు పైనుంచి కింద దాకా చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయాడు.

"ఒరే ఫక్రూ, గోవిందప్పది లైవ్‌స్టాక్ కాదురా. లవ్‌స్టాక్ అని రాసినావు. మేకలు కాదు, ప్రేమ అమ్ముతాండాడని ఉండాది."

ఫకృద్దీన్ మళ్లీ కుంచె అందుకున్నాడు. "ఇంకా ఉండాయా?"

ఇంకా పదకొండు ఉన్నాయి. హెడ్‌మాస్టరు తొందర రాతలో ఒక బొమ్మ ఇంకో బొమ్మలా కనబడిందతనికి. అవి దిద్దాక ఇద్దరూ బజారులో పడ్డారు. సైకిల్ షాపు దగ్గర కొండప్ప ఓదారుస్తున్నట్టు భుజం తట్టాడు. ఆసుపత్రి గోడ దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాడు. చెన్నప్ప హోటలు ముందుకు వచ్చేసరికి అరుగు మీద కూలబడ్డాడు.

"మీల్స్ రెడీ అని కదా రాసినా?" అన్నాడు ఫకృద్దీన్ పాలిపోయి.

"మేల్స్ రెడీ అని ఉండాదిరా. భోజనం కాదు, లోపల మగోళ్లు తయారుగా ఉండారంట!"

ఫకృద్దీన్ కుంచె పట్టుకుని లోపలికి పోయి చెన్నప్పకు తప్పు ఒప్పుకున్నాడు. చెన్నప్ప దోసె తిరగేస్తూ విన్నాడు.

"పదేండ్లుగా అదే బోర్డు. యాపారం బాగుండాది. ఇప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. నువ్వు చదివితే నాకేం, చదవకపోతే నాకేం? అక్షరం అందంగా ఉండాది, అది సాలు."

ఊరి మాట కూడా దాదాపు అదే. బోర్డులు రాయించుకోవడానికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. కాకపోతే కొండప్ప ఉండగా ఒకసారి చదివించుకుని పోయేవాళ్లు.

కొండప్ప వానలు వచ్చేదాకా ఫకృద్దీన్ షెడ్డులోనే ఉండిపోయాడు. పుట్టపర్తిలో ఒక లాడ్జి బోర్డు పని తగిలితే ఇద్దరూ కలిసి వెళ్లి రాసి వచ్చారు. పని లేని మధ్యాహ్నాలు కొండప్ప పాత రేకు మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి చెప్పించేవాడు. నలభై ఏళ్లు వస్తున్న మొగుడు బి అంటే సేటు కాదంటూ వల్లెవేస్తుంటే అమీర్ బీ తలుపు చాటున నిలబడి నవ్వుకునేది. బొమ్మలు నోరు విప్పి శబ్దాలు చేస్తుంటే ఫకృద్దీన్‌కు మొదట్లో తలనొప్పి వచ్చేది. తర్వాత్తర్వాత అదీ తగ్గింది.

జూన్ నెల చివర్లో ఒకనాడు ఉత్తరం వైపు మబ్బు పట్టింది. కొండప్ప సంచి భుజాన వేసుకున్నాడు.

"ఉండిపోరా," అన్నాడు ఫకృద్దీన్. "ఆ కలకండ ఈడ కూడా దొరుకుతాది కదా."

"ఈసారి దొరుకుతాదిరా. నల్లమబ్బు సూడు," అని కొండప్ప బస్సెక్కాడు.

ఇరవై రోజులకు కార్డు వచ్చింది. అంతా ఇంగ్లీషులో రాశాడు, దొంగ. పోస్టుమ్యాను చదివిపెడతానంటే ఫకృద్దీన్ ఒప్పుకోలేదు. దారిన పోతూ ఆగిన హెడ్‌మాస్టరునూ ముట్టుకోనివ్వలేదు. షెడ్డు తలుపు దగ్గరికి వేసి, పీట మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరాన్ని పలికించాడు. మధ్యాహ్నం బువ్వ వేళ దాటిపోయింది. అమీర్ బీ రెండుసార్లు వచ్చి పోయింది. మూడోసారి వచ్చేసరికి అతను చెమటలు పట్టి, నవ్వుతూ కూర్చుని ఉన్నాడు.

"ఏం రాసినాడయ్యా?"

"వాన బాగా పడిందంట. రాయి దొరకలేదంట. చెప్పులు తెగిపోయినాయంట, పాత జత ఉంటే పంపమన్నాడు."

ఆమె గూట్లోంచి చెప్పులు తీయడానికి లోపలికి వెళ్లింది. ఫకృద్దీన్ కార్డును మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.